పది సెకన్లు నిండనివ్వని చెయ్యి

ఊరంతా పడుకున్నాక ఒకడు మేలుకుని, ఇంకొకడు ఎలా పడుకున్నాడో చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. మా బంధువుల్లో ఒకాయన ఇది విని, "దానికి జీతం కూడా ఇస్తారా?" అని అడిగాడు. ఇచ్చారు. నూజివీడులో ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారి ఆసుపత్రిలో, రిటైరయ్యేదాకా నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్‌గా ఉన్నాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, రిపోర్టులో ఫలానా మాటకి పేషెంటుకు ఏం చెప్పాలి సార్ అని అడుగుతుంటారు. వాళ్ళకి నేనెప్పుడూ చెప్పే కేసు ఒకటి ఉంది. ఒకేసారి రాసి పెడితే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని ఇది మొదలుపెట్టాను. నిజానికి చెప్పడానికి మనిషి దొరికితే ఎన్నిసార్లయినా చెబుతాను.

మా వైపు జనం రిపోర్టును మార్కుల లిస్టులా చదువుతారు. ఒక రిటైర్డు గుమాస్తా గారు 'స్లీప్ ఎఫిషియన్సీ' గడిలో అరవై రెండు చూసి, "ఫస్టు క్లాసేనన్నమాట" అంటూ సంతోషంగా లేచి వెళ్ళిపోబోయారు. మంచం మీద ఉన్న సమయంలో నూటికి అరవై రెండు వంతులే నిద్రపోయారండీ, మిగతాదంతా దొర్లారు అని చెప్పి కూర్చోబెట్టాను. చిక్కేమిటంటే, ఒక గడిలో నెంబరు ఎక్కువుంటే మంచిది, పక్క గడిలో తక్కువుంటే మంచిది. ఆక్సిజన్ సాచురేషన్ తొంభై దాటి ఉండాలి. ఏహెచ్‌ఐ అయిదు లోపు ఉండాలి. ఏహెచ్‌ఐ అంటే గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందీ, లేదా బాగా సన్నగిల్లిందీ అనే లెక్క. అయిదు దాటితే స్వల్పం, పదిహేను దాటితే మధ్యరకం, ముప్పై దాటితే తీవ్రం. ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఆగిన ఊపిరి కనీసం పది సెకన్లు ఆగి ఉండాలి. తొమ్మిదో సెకనుకు మళ్ళీ వచ్చేస్తే దాన్ని లెక్కలో వేయం. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

తోటల్లో పిందె కాయగా మారుతున్న రోజుల్లో, చాట్రాయి వైపు నుంచి ఒక మామిడి రైతు భార్యతో కలిసి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పొట్టి మెడ, భారీ శరీరం, గొంతు అంతకన్నా భారీ. ఆవిడ సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేషెంటు ఎవరో తెలియనివాళ్ళు ఆవిడే అనుకుంటారు.

"గురక ఉందా?" అన్నారు డాక్టరు గారు.

"లేదండీ" అన్నాడాయన.

"ఉందండీ" అంది ఆవిడ.

డాక్టరు గారు ఆవిడ వైపు చూసి రాసుకున్నారు. గురక సంగతి పెట్టేవాణ్ణి అడిగి లాభం లేదు, పక్కన పడుకునేవాళ్ళను అడగాలి. మా వృత్తిలో మొదటి పాఠం అదే.

"ఉంటే ఉందిలెండి" అని ఆయన నవ్వేశాడు. "తోట కాపలాకి గురక మంచిదేనండీ. ఆ చప్పుడుకే దొంగలు రారు."

అసలు సంగతి ఆవిడ చెప్పింది. "ఇన్నాళ్ళూ కాపలాకి మనిషి ఉండేవాడండీ. వాడు మానేశాడు. కాయ ముదిరిన దగ్గర్నుంచీ కోత అయిపోయేదాకా ఈసారి ఈయనే తోటలో పడుకుంటానంటున్నారు. ఒక్కరూ, ఆ పాకలో. నిద్దట్లో ఈయనకి ఊపిరి ఆగుతుందండీ. అదేం ఫరవాలేదని మీరు చెబితే పంపిస్తాను. లేదంటే తోట పోయినా పంపను."

"దీనికి అనుమానం జాస్తండీ" అన్నాడాయన. "పడుకున్నానంటే రెండో నిమిషంలో నిద్ర నాకు. జబ్బున్నోడికి అంత నిద్ర పడుతుందా, మీరే చెప్పండి."

ఈ మాట ప్రతి రెండో పేషెంటూ గొప్పగా చెబుతాడు. పడుకున్నాక నిద్ర పట్టడానికి పట్టే సమయాన్ని 'స్లీప్ లేటెన్సీ' అంటాం. అది మరీ తక్కువుంటే సంతోషించకూడదు. రెండు రోజులు పస్తున్నవాడు విస్తరి ముందు కూర్చుంటే ఎంతసేపట్లో ఖాళీ చేస్తాడు? ఇదీ అంతే. ఆయన రాత్రంతా పడుకునే మనిషి, అయినా నిద్రకు పస్తులున్నాడు.

మా ఆసుపత్రిలో పరీక్ష గది ఒకటే, దానికి చాలామంది వరసలో ఉన్నారు. అందుకని డాక్టరు గారు ఇంటి దగ్గరే చేసే చిన్న పరీక్ష రాశారు. నేను మిషను సంచిలో పెట్టుకుని సాయంత్రం స్కూటరు మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ ఆయనకు తలంటు పోసింది, ఉతికిన దుప్పటి వేసింది, తేలిగ్గా అరుగుతుందని పెందలాడే ఇడ్లీ పెట్టింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నలుగురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెళ్ళికొడుకును చేస్తున్నట్టుంది వ్యవహారం. ఛాతీకి బెల్టు కట్టాను, ముక్కు దగ్గర గొట్టం పెట్టాను, వేలికి క్లిప్పు తగిలించాను.

"ఈ వైర్లు ఎవరూ లాగకండి" అన్నాను.

"నేను ఈ మంచం మీదే పడుకోవచ్చాండీ? ఆయన మీద చెయ్యి పడితే ఏమన్నా అవుతుందా?" అని ఆవిడ అడిగింది.

"ఏం కాదమ్మా. రోజూ ఎలా పడుకుంటారో అలాగే పడుకోండి."

అందరికీ చెప్పే మాటే అది. మా పుస్తకాల్లోనూ అదే రాసి ఉంటుంది. ఆవిడ దాన్ని అక్షరాలా పాటించింది.

రిపోర్టులో ఏహెచ్‌ఐ ఏడు వచ్చింది. నాతో కలిసి గీతలు చూసే సహోద్యోగిని ఒకావిడ ఉండేది. వేరుశనక్కాయలు వలుచుకుంటూ కంప్యూటరు చూస్తే తప్ప ఆవిడకు తప్పులు కనపడవు. "ఈ ఛాతీ బెల్టు గీతలో మధ్యమధ్య ఈ గడ్డలేంటండీ?" అంది. "లావు మనిషి కదా, బెల్టు జారినట్టుంది" అన్నాను. అలాంటివి వందల్లో చూశాం. ఆవిడ ఇంకో కాయ వలుచుకుంది, నేను తర్వాతి కేసు తెరిచాను.

"ఏడేనా? నూటికి ఏడా?" అని రైతు గారు భార్య వైపు తిరిగి, గెలిచినవాడిలా నవ్వాడు. డాక్టరు గారు బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు, కాపు అయ్యాక ఒకసారి కనపడమన్నారు. ఆవిడ రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాత కొద్ది రోజులకు ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే బస్సులో వచ్చింది. జనం పలచబడేదాకా బయట బల్ల మీద కూర్చుంది. డాక్టరు గారి కోసం కాదట, నాకోసమట. నా ముందు కుర్చీలో కూర్చుని చాలాసేపు సంచి తాడు సరిచేసుకుంది.

"నెంబరు తక్కువే వచ్చిందన్నారు కదండీ" అంది చివరికి. "అయితే ఇంక నేను నిద్రపోవచ్చా?"

నాకు అర్థం కాలేదు. "మీకేం అడ్డమమ్మా?" అన్నాను.

"గురక వినిపిస్తున్నంతసేపూ భయం లేదండీ. అది ఆగితేనే భయం. ఆగగానే గుండెల మీద చెయ్యేసి ఊపుతాను. ఓసారి గట్టిగా ఊపిరి తీసుకుని పక్కకి తిరుగుతారు. మళ్ళీ గురక మొదలవుతుంది. మళ్ళీ ఆగుతుంది."

"ఎంతసేపు ఆగాక ఊపుతారు?"

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. "ఆగనిస్తానా అండీ?"

"పరీక్ష రోజున కూడా ఊపారా?"

"రోజూలాగే పడుకోమన్నారుగా మీరు."

 లేచి వెళ్ళి పాత ఫైలు తెరిచాను. ముక్కు దగ్గర గాలి గీత చదునవుతుంది. వెంటనే ఛాతీ బెల్టు గీతలో ఒక గడ్డ. గాలి గీత మళ్ళీ లేస్తుంది. కాసేపటికి మళ్ళీ చదును, మళ్ళీ గడ్డ. పడుకున్న దగ్గర్నుంచి తెల్లారేదాకా అదే వరస. దాదాపు ఏ చదునూ పది సెకన్లు నిండలేదు. కొన్ని మాత్రం నిండాయి, ఆవిడకు కునుకు పట్టినప్పటివై ఉంటాయి. మా రిపోర్టులో వచ్చిన ఏడు అవే. బెల్టు జారిందని నేననుకున్న ఆ గడ్డలన్నీ ఆవిడ చెయ్యి.

సహోద్యోగినికి చూపించాను. చేతిలో కాయలు బల్ల మీద పెట్టేసి, "ఇవన్నీనా?" అంది. డాక్టరు గారు నిలబడే చూశారు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చూశారు. "ఆయన పేరు మీద ఆవిడ మెలకువకి రిపోర్టు రాసిచ్చామయ్యా" అన్నారు.

ఎన్నాళ్ళుగా ఇలా చేస్తున్నారని ఆవిణ్ణి అడిగాను. "మా చిన్నాడు బళ్ళో చేరినప్పటి నుంచీ" అంది. ఆ చిన్నాడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. ఆయనకు చెప్పలేదా అంటే, "మొదట్లో చెప్పానండీ, నవ్వారు. తర్వాత మానేశాను" అంది. ఒకే మంచం మీద మనిషి పక్కన ఉండి, రాత్రంతా ఒంటరిగా ఉండటం ఎలాంటిదో ఆ మాటతో నాకు తెలిసింది.

ఆ ఒంటరితనం ఇంకో దారిలో నాకూ తెలుసు. నా భార్య ఆగిరిపల్లిలో టీచరు. నేను తెల్లారి ఇంటికి వచ్చేసరికి ఆవిడ బడికి తయారవుతూ ఉండేది. ఆవిడ సాయంత్రం వచ్చేసరికి నేను టిఫిను డబ్బా సర్దుకుంటూ ఉండేవాణ్ణి. మంచం ఒకటే, పొద్దులు వేరు. రిటైరయ్యాక చూసుకుందాంలే అనుకునేవాళ్ళం, ఇద్దరం. ఆవిడ ఆగలేదు. జ్వరమని ఆసుపత్రిలో చేరి, ఇంటికి రాలేదు. ఆవిడ నిద్రలో ఎలా ఉండేదో నాకు తెలియదు. ఊళ్ళోవాళ్ళందరి నిద్రా చూశాను, ఆవిడది చూడలేదు. ఈ రైతు దంపతులు వచ్చేనాటికి నేను ఒక్కణ్ణే ఉంటున్నాను. 

రెండో పరీక్ష ఆసుపత్రిలోనే, వరస తప్పించి ముందుగా పెట్టారు డాక్టరు గారు. ఈసారి ఆవిడ గదిలో ఉండకూడదు. దానికి రైతు వెంటనే ఒప్పుకున్నాడు, ఆవిడే ఒప్పుకోలేదు.

"మీరు చూస్తూ ఉంటారుగా?" అంది నాతో.

"చూస్తూనే ఉంటానమ్మా. కానీ లేపకూడదు. ఎంతసేపు ఆగుతుందో తెలియాలి కదా."

"ఎలా ఊరుకుంటారండీ?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నిజంగానే ఊరుకోవడమే నా పని. ఊపిరి ఆగడం చూస్తాను, సమయం చూస్తాను, రాసుకుంటాను. ప్రమాదం అనుకుంటేనే లేస్తాను. ఆవిడను దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి పంపేశాం. ఆ రాత్రి సంగతి ఎక్కువ చెప్పను. ఆయన ఊపిరి ఆగిన మొదటిసారే, నా చెయ్యి బల్ల మీద నుంచి దానంతటదే లేచింది. దించుకుని కూర్చున్నాను. డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు కనుక సగం రాత్రి లెక్క తేలగానే, ముక్కుకు గాలి అందించే సీపాప్ మాస్కు పెట్టాను. అక్కడి నుంచి గీతలు కుదురుగా నడిచాయి.

తెల్లారి ఆవిడ చుట్టాలింట్లో కాఫీ కూడా తాగకుండా వచ్చేసింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి రిపోర్టు చెప్పాను.

మాస్కు పెట్టకముందు ఏహెచ్‌ఐ అరవై పైన. "అంటే నిమిషానికోసారండీ" అన్నాను. ఆప్నియా, హైపాప్నియా అంటే ఏంటని అడిగాడు. తోటకు నీళ్ళు పెట్టే మనిషి కదా, అలాగే చెప్పాను. పైపులో నీళ్ళు పూర్తిగా ఆగిపోతే ఆప్నియా. నీళ్ళు వస్తూనే ఉండి, సన్నగా వచ్చి, చివరి చెట్టుకు అందకపోతే హైపాప్నియా. రెండింటికీ చెట్టు ఎండుతుంది. ఆక్సిజన్ అన్నింటికన్నా కిందకు దిగిన నెంబరు చూపించాను. అరవై ఎనిమిది. ఈసారి ఆయన గెలిచినవాడిలా నవ్వలేదు.

"మరి నాకెందుకు తెలీలేదండీ?" అన్నాడు కోపంగా. "ఊపిరాగితే మనిషికి తెలీదా?"

'అరౌజల్' అన్న గడి చూపించాను. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం మేలుకుంటుంది, ఊపిరి అందగానే పడుకుంటుంది. తెల్లారాక గుర్తుండదు. అలా రాత్రికి వందల సార్లు మేలుకున్నవాడు కూడా హాయిగా పడుకున్నానే అనుకుంటాడు. "మీకు గుర్తు లేదు. ఆవిడకు మాత్రం ప్రతిదీ తెలుసు" అన్నాను. అని, మొదటి పరీక్ష గీతలు తెరిచి ఆ గడ్డలు చూపించి, అవి ఏంటో చెప్పాను.

ఆయన వేలు పెట్టి ఒకటి, పక్కన ఇంకొకటి తాకాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు పడుకోలేదా?" అన్నాడు. అంత పెద్ద గొంతూ ఎటు పోయిందో.

"పడుకున్నాను లెండి. మీరు తోటకెళ్ళాక ఓ కునుకు తీసేదాన్నిగా" అంది ఆవిడ, అదేదో తన తప్పయినట్టు.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. మా సహోద్యోగిని కాఫీ తెస్తానంటూ బయటికి వెళ్ళిపోయింది. నేను కూడా ఏదో పని ఉన్నట్టు ప్రింటరు దగ్గరికి వెళ్ళాను.

సీపాప్ మిషను కొనుక్కున్నారు. పాక పక్కనే మోటారు షెడ్డు ఉంది కనుక అక్కడి నుంచి కరెంటు లాగి, పోయినప్పటికి బ్యాటరీ పెట్టుకున్నారు. ఆయన మాస్కు తగిలించుకుని తోటలో పడుకోవడం మొదలుపెట్టాడు. కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాం అందరం.

రసాల మామిడిపళ్ళు ఊళ్ళోకి దిగుతున్న రోజుల్లో ఆవిడ దగ్గర్నుంచి ఆసుపత్రికి ఫోను వచ్చింది. "ఆయనకి బాగుందండీ. పొద్దున్నే హుషారుగా లేస్తున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు."

"ఇంక భయం లేదు కదమ్మా."

"భయం కాదండీ. ఇంట్లో వినడానికేం లేదు. పడుకుంటాను, చెవులు వెతుక్కుంటాయి. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు."

 ఆ బాధ నాకు కంఠతా వచ్చు, మందు మాత్రం రాదు. చివరికి, "ఆ తోటలోకే వెళ్ళి పడుకోకూడదా అమ్మా?" అన్నాను.

"మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాపలాకి వెళ్ళరండీ. నవ్వుతారు" అని పెట్టేసింది.

కోతలు అయిపోయాక ఇద్దరూ వచ్చారు. మిషనులో చిన్న చిప్పు ఉంటుంది, రోజూ ఎంతసేపు పెట్టుకున్నదీ, ఊపిరి ఎలా ఉన్నదీ అందులో నిలవుంటుంది. ఏహెచ్‌ఐ అయిదు లోపే ఉంది, ఈసారి అది నిజమైన లెక్కే. ఆయన కాస్త చిక్కాడు. ఆవిడ కళ్ళ కింద చారలు లేవు.

"నిద్ర పడుతోందామ్మా?" అన్నాను.

ఆవిడ తలొంచుకుని నవ్వింది. ఆయనే చెప్పాడు. "ఒకరోజు చీకటి పడ్డాక దుప్పటి చంకన పెట్టుకుని తోటకొచ్చేసిందండీ. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ అంది. పడుకుంది. అంతే." గొంతు తగ్గించి నా వైపు వంగాడు. "సారూ, మా ఆవిడ గురక పెడుతోందండీ. నాకు పెళ్ళయి ఇన్నేళ్ళకి ఇప్పుడు తెలిసింది. మాస్కు పెట్టుకుని అలా వింటూ కూర్చున్నాను. ఇప్పుడు మా తోటకి కాపలా ఆ గురకేనండీ."

"ఊరుకోండి" అని ఆవిడ ఆయన చెయ్యి మీద కొట్టింది. గదిలో అందరం నవ్వాం. ఆ నవ్వు ఊపులోనే నన్నడిగింది. "అందరి గురకా చెబుతారుగా, మరి మీకుందాండీ?"

"తెలియదమ్మా" అన్నాను.

ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాత ఆవిడకు అర్థమైంది. నవ్వు ఆపేసి, సంచిలోంచి రసాలు తీసి నా బల్ల మీద పెట్టింది. పెడుతూనే ఉంది.

పిల్లలూ, నెంబరు తక్కువ వస్తే సంతోషించండి. కానీ ఆ మనిషి పక్కన ఎవరు పడుకున్నారో, వాళ్ళు పడుకున్నారో లేదో కూడా అడగండి. నేను నేర్చుకున్నది అంతే.

ఈ మధ్య పొద్దున లేచేసరికి నోరు ఎండిపోయి ఉంటోంది, తల బరువుగా ఉంటోంది. ఈ లక్షణాలు ఊరందరికీ నేనే అప్పజెప్పేవాణ్ణి. మా పాత సహోద్యోగిని ఫోనులో విని, "ఒక రాత్రి ఆసుపత్రికి వచ్చి పడుకోండి, చూసేస్తాను" అంది. వచ్చే వారం వస్తానన్నాను. నాది ఎంత వస్తుందో తెలియదు. వచ్చింది మాత్రం సరైన లెక్కే అవుతుంది. తగ్గించడానికి పక్కన ఎవరూ లేరు.